క్వార్టర్స్ ఫ్రీయే, నేనే ఫ్రీగా లేను
"క్వార్టర్స్ ఫ్రీ కదా, నీకేంటి" అని అందరూ అనేవాళ్లే. యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో వార్డెన్‌గా అక్కడే ఉంటే తెలుస్తుంది. రాత్రి 9కి అటెండెన్స్ ముగించి, మావాడికి అన్నం కలిపి రెండు ముద్దలు పెట్టానో లేదో తలుపు టకటక, "మేడమ్, మూడో ఫ్లోర్లో నీళ్లు రావట్లేదు", అది చూసొచ్చేసరికి ఎవరి నాన్నగారో ఫోను, వాళ్లమ్మాయి ఎత్తడం లేదట, వెళ్లి లేపాలట. లేపితే ఆ పిల్ల నామీదే విసుక్కుంది! జ్వరమొస్తే అర్ధరాత్రైనా ఆస్పత్రికి తీసుకెళ్తాను, దానికి బాధలేదు. కానీ ఆదివారం నైటీలో బట్టలు ఆరేస్తుంటే అవుట్‌పాస్ మీద సంతకానికి పెన్ను చాపుతారు చూడండీ... దసరాకి నలుగురు పిల్లలు ఇంటికెళ్లలేదని నా సెలవు ఆపేశారు. మావాడైతే ఈమధ్య అమ్మా అనడం మానేసి, "మేడమ్, ఇంకాస్త పప్పు వేయండి" అంటున్నాడు.