వానగారూ, మీరు ఏ పేజీలో ఉన్నారు?

మహారాజశ్రీ సినిమా వానగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, మా మేనకోడలి ఇంటర్నల్ మార్కులు తప్ప.

మొన్న దాని ఆన్సర్ షీట్ చేతికొచ్చింది. 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' నవలలో హీరో డార్సీ హీరోయిన్ ఎలిజబెత్ దగ్గర మొదటిసారి పెళ్ళి మాట ఎత్తిన ఘట్టం గురించి ప్రశ్న. పిల్ల రెండు పేజీలు దంచేసింది. జోరువాన, పరుగు, వంతెన, గుడిలాంటి రాతిమండపం, ముఖానికి అంటుకుపోయిన జుట్టు. చివర్లో ఎర్ర ఇంకుతో మేడంగారు ఒక్కటే వాక్యం రాశారు: 'ఈ వాన ఏ పేజీలో ఉంది?' పదికి మూడు.

'పుస్తకం చదివే టైం లేదు మామయ్యా' అంటే, 'దానికేం, 2005 సినిమా ఉందిగా, కథంతా అదే' అని ఆదివారం మధ్యాహ్నం పక్కన కూర్చోబెట్టుకుని చూపించిన మహానుభావుణ్ణి నేనే. ఆ రోజు నుంచి మా అక్క ఫోన్లో నన్ను 'మీరు' అంటోంది.

అందుకని మీ గురించి కాస్త వాకబు చేశాను. 1813లో వచ్చిన ఆ నవలలో జేన్ ఆస్టిన్ మిమ్మల్ని అసలు పిలవలేదని కాదు. 7వ అధ్యాయంలో పిలిచి మరీ పని అప్పజెప్పింది. ఎలిజబెత్ తల్లి మిసెస్ బెన్నెట్ పెద్దకూతురికి బండి ఇవ్వకుండా గుర్రమ్మీద పంపుతుంది. వానొస్తే పిల్ల రాత్రికి, తాను అల్లుణ్ణి చేసుకోవాలనుకుంటున్న కుర్రాడి ఇంట్లోనే ఉండిపోతుందని ఆవిడ లెక్క. మీరు కురిశారు. ఆ వాన తానే కురిపించినట్టు ఆవిడ మురిసిపోయింది. పిల్లకు జలుబు చేసింది, కథ కదిలింది. అక్కడితో మీ పని అయిపోయింది.

34వ అధ్యాయానికి మీకు పిలుపే లేదు. ఎలిజబెత్‌కు తలనొప్పి. మిగతా వాళ్ళు టీకి వెళ్తే ఒక్కతే ఇంట్లో కూర్చుని అక్క రాసిన ఉత్తరాలు మళ్ళీ చదువుకుంటోంది. అక్క సంబంధం చెడగొట్టింది డార్సీయేనని ఆ రోజే తెలిసింది. తలుపు గంట మోగింది. చూస్తే అతనే. ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. కూర్చున్నాడు. లేచాడు. గదిలో అటూ ఇటూ తిరిగాడు. కొన్ని నిమిషాలు ఇద్దరి మధ్యా మాటే లేదు. ఆ తర్వాత నోరు విప్పి, ప్రేమతో మొదలుపెట్టి, మీ వాళ్ళు మా అంతస్తుకు తగరనేదాకా వెళ్ళాడు. ఆమె వద్దంది. అతను వెళ్ళిపోయాక కూలబడి అరగంట ఏడ్చింది.

మన పెళ్ళిచూపుల్లో కట్నం మాట రాగానే అందరూ కాఫీ కప్పుల్లోకి చూస్తారే, అలాంటి నిశ్శబ్దమండీ అది. లేచి వెళ్ళిపోవడానికి లేదు, అరవడానికి లేదు. ఇంటికొచ్చిన మనిషి మర్యాదగా కూర్చోబెట్టి అవమానిస్తున్నాడు.

ఆ గదిలోకి నువ్వెందుకు దూరావయ్యా? ఉన్న నాలుగు గోడలూ పీకేసి ఇద్దర్నీ మండపంలో నిలబెట్టి, ఆ చప్పుడులో ఏం చెప్పించావు? తడిసిన మనిషి ఏమన్నా ప్రేమలాగే ఉంటుంది. వాడు 'మీ వాళ్ళు తక్కువ వాళ్ళు' అంటున్నాడు, మేమేమో వాడి ముక్కు మీంచి జారే బొట్టు చూస్తున్నాం. ఆ మాట ఎవరికి వినబడింది? మా పిల్ల రాసిన రెండు పేజీల్లో ఆ మాటే లేదు. మేడంగారి ఎర్ర ఇంకు నిజానికి అక్కడ పడాలి.

మీ చుట్టాలూ తక్కువ వాళ్ళేం కాదు. నవలలో డార్సీ తన ఎస్టేట్లో గుర్రాల శాల వైపు నుంచి పొడిగా నడిచొస్తాడు, పాపం. 1995 బీబీసీ సీరియల్లో చెరువులో దూకించారు. ఆ సీరియల్లో డార్సీ చొక్కా 2024లో వేలానికొస్తే 20 వేల పౌండ్లు పలికింది. అదే 1995లో ఇంకో ఆస్టిన్ నవల మీద 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' సినిమా. పుస్తకంలో తడిగడ్డిలో నడిచి, తడి మేజోళ్ళు మార్చుకోక జ్వరం తెచ్చుకున్న అమ్మాయిని మీరు ఏకంగా కుండపోతలో నిలబెట్టారు.

మాకు మీరేం కొత్త కాదు. మా సినిమాల్లో ప్రేమ ముదిరిందంటే వాటర్ ట్యాంకర్ రావాల్సిందే. కానీ ఇక్కడ మీరు పాటతో వచ్చి పాటతో పోతారు. తర్వాతి సీన్లో హీరోయిన్ చీర ఇస్త్రీతో సహా ఉంటుంది. మీరొచ్చి వెళ్ళిన సంగతి కథకు తెలియనే తెలియదు. ఆ పద్ధతి మీకు అక్కడ ఎందుకు కుదరదో!

గురువారం ఇంప్రూవ్‌మెంట్ టెస్ట్. నిన్న రాత్రి పుస్తకం తెరిపించి 34వ అధ్యాయం దగ్గరుండి చదివించాను. ఒకసారి చదివి, మళ్ళీ మొదటికెళ్ళి పెదవులు కదుపుతూ చదివింది. 'వాడంత మాటన్నాడా మామయ్యా! సినిమాలో నేను విననే లేదు' అంది. నా కడుపు నిండిపోయింది.

కాసేపాగి, 'ఆ వాన సీను ఒక్కసారి పెట్టవా' అంది.

పెట్టాను. టీ చల్లారిపోయింది, ఇద్దరిదీ.

ఇట్లు,
పదికి మూడు తెచ్చిన మామయ్య