వరుస చివరి రెండు బైట్లకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్యాడింగ్ బైట్ల వారికి నమస్కరించి వ్రాయునది:

బొమ్మలోని ప్రతి వరుస పొడవూ నాలుగు గుణిజం అయ్యేలా చివర చేర్చే ఖాళీ బైట్లు తమరు. మధ్యాహ్నం కూర్చున్నవాడిని, దీపాలు పెట్టే వేళకు గాని నా బొమ్మ పక్కకు ఒరగడం తమరి లీల అని గ్రహించలేకపోయాను. తమరు కంటికి కనబడరు గనుక మొదట కెమెరాను, తరువాత కేబులును, చివరకు నా చదువును కూడా అనుమానించాను.

నెలల తరబడి నా ప్రోగ్రాము 640 పిక్సెళ్ళ వెడల్పు గల బొమ్మలను తెర మీద చక్కగానే చూపింది. పిక్సెలుకు మూడు చొప్పున వరుసకు 1920 బైట్లు; అది నాలుగుతో నిశ్శేషంగా భాగింపబడుతుంది గనుక తమరి అవసరం పడలేదు. ఈ రోజు పదును పెంచే 3×3 ఫిల్టరు ఒకటి చేర్చాను. అది నాలుగు అంచులా ఒక్కో పిక్సెలు కోసుకుని 638×478 బొమ్మను చేతిలో పెట్టింది. ఇప్పుడు వరుసకు 1914 బైట్లు. బొమ్మను తెర మీద చూపే లైబ్రరీ (ఇతరులు వ్రాసిపెట్టిన సిద్ధ కోడు) వారు మాత్రం, ప్రతి వరుసా నాలుగు గుణిజం దగ్గరే ముగియాలన్న పాత మర్యాదను పాటిస్తూ, నన్ను ఒక్క మాట అడగకుండా, నా బొమ్మలో లేని తమరిని కూడా కలిపి 1916 అని లెక్క వేసుకున్నారు.

మొదటి వరుస తన చోటనే ఉంది. రెండవది రెండు బైట్లు ఎడమకు జరిగింది, మూడవది నాలుగు. అడుగుకు చేరేసరికి బొమ్మ సగం వెడల్పు పక్కకు ఒరిగిపోయింది. రెండు బైట్లంటే పూర్తి పిక్సెలైనా కాదు గదా, అందుచేత రంగులు వరుస వరుసకూ కుర్చీలాట ఆడాయి. చివరి వరుసలో నా బఫర్ (బొమ్మను ఉంచిన మెమరీ భాగం) అయిపోయి, అవతలి మెమరీలోకి 950కి పైగా బైట్లు చొరబడి చదివారు. ప్రోగ్రాము కూలకపోవడం అదృష్టమనుకున్నాను. కూలి ఉంటే కారణం అప్పుడే తెలిసేది.

తమ బంధువర్గంతో నాకు పేచీ లేదు. బొమ్మను తలకిందులు చేసే బీఎంపీ (ఒక బొమ్మ ఫైలు రకం) ఆచారాన్ని ఎత్తు ముందు మైనస్ గుర్తు పెట్టి సరిదిద్దుకున్నాను, రంగులను నీలం, ఆకుపచ్చ, ఎరుపు అని తిరగేసి వ్రాసి ముఖాలను నీలంగా మార్చే బీజీఆర్ క్రమాన్నీ క్షమించాను. అవి చూడగానే బయటపడే తప్పులు. తమరు మాత్రం వెడల్పు నాలుగు గుణిజంగా ఉన్నంత కాలం దాక్కుంటారు; పరీక్షల కోసం మేము ఎంచుకునే 320, 640, 1024, 1920 అన్నీ అటువంటివే!

మెమరీని 32 బిట్ల చొప్పున చదివే ప్రాసెసర్ల సౌకర్యం కోసం తమరు పుట్టారు, కాదనను. కాని వెడల్పు అడిగి, ఎత్తు అడిగి, ఫార్మాట్ అడిగిన ఆ లైబ్రరీ ఫంక్షనుకు వరుసకు ఎన్ని బైట్లో అడగడానికి నోరు రాలేదా? అడిగే రూపం కూడా ఉంది, దాని పక్కనే, ఒక్క ఆర్గ్యుమెంటు (ఫంక్షనుకు మనం ఇచ్చే విలువ) ఎక్కువగా. మరి ఈ అడగని రూపాన్ని ఎవరిని ముంచడానికి ఉంచినట్టు?

అడిగే రూపంలోని ఆ అదనపు ఖాళీలో 1914 అని వ్రాశాను, బొమ్మ నిటారుగా నిలబడింది. గంటకొక అంకె చొప్పున నా మధ్యాహ్నం చెల్లిపోయింది.

ఇట్లు,
ఇకపై 641 వెడల్పుతోనే పరీక్షించబోయే
తమ విధేయుడు