నరం లేని పన్ను

నరం లేని నాలుక ఎన్నైనా మాట్లాడుతుందంటారు. నరం లేని పన్ను మాత్రం నోరు మూసుకోవాలి కదా! కడపలో నాకు రూట్ కెనాల్ చేసిన డాక్టరమ్మ నరం తీసేశానన్నారు. ఫీజు కట్టి ఇంటికొచ్చాను. మత్తు దిగగానే పన్ను మళ్లీ అందుకుంది.

నొప్పి ఓర్చుకోవచ్చు. మా మామకు సంజాయిషీ చెప్పుకోవడమే కష్టం.

"నరమే పీకేసినాక నొప్పి యాడ్నుంచి వస్తాది అల్లుడా?"

తీసింది పన్ను లోపలి నరమేననీ, వేరుకూ ఎముకకూ మధ్య పలచటి పొర ఒకటి ఉంటుందనీ, దాని నరాలు దానికున్నాయనీ, ఈ గీకుళ్లకు అది కాస్త వాచి కొద్దిరోజులు సలుపుతుందనీ, డాక్టరమ్మ చెప్పిందంతా అప్పజెప్పాను.

మామ శ్రద్ధగా విన్నాడు. "అయితే పోయి ఆ నరాలు గూడా పీకమను. సగం పనికి ఫుల్లు ఫీజెట్ల తీసుకుంటారు?"

అత్త లవంగం ఇచ్చింది. పన్ను అలాగే ఉంది, చిగురు మాత్రం భగ్గుమంది.

తిండి విషయంలో మాత్రం సీమలో పుట్టడం అదృష్టమే. సంగటిని నమలకూడదు, ముద్ద తుంచి పులుసులో అద్ది మింగాలి. పళ్లున్నవాణ్ణీ లేనివాణ్ణీ ఇంత సమానంగా చూసే తిండి ఇంకోటి లేదు. ఆదివారం ఆ సంగటి పక్కన నాటుకోడి చేరింది, అక్కడొచ్చింది చిక్కు. జాగ్రత్తగా ఎడమవైపే నములుతున్నా, దవడ మూసినప్పుడల్లా అన్నిటికన్నా ముందు ఆ కుడిపన్నే పోయి తగులుతోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కారమెక్కువైందా నాయనా?" అంటూ అత్త నెయ్యి వేయబోయింది.

కడపోడు కారానికి ఏడ్చాడన్న పేరొస్తే ఊళ్లో తలెత్తుకోగలనా? మర్నాడే ఆస్పత్రికి పరుగు.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీశారు. పైదవడ పెద్ద పళ్లలో ఒక్కోసారి నరముండే నాలుగో కాలువ దాక్కుని ఉంటుందట, నాకు అలాంటిదేమీ కనబడలేదు. (ఈ సంగతి మామకు చెప్పలేదు.) తర్వాత పళ్ల మధ్య నీలం కాగితం పెట్టి, "టకటకా కొరకండి" అన్నారు. ఫిల్లింగ్ మీద ఒకచోట చిక్కగా నీలం చుక్క పడింది. అక్కడ ఎత్తుగా ఉందట, నోరు మూస్తే బరువంతా దానిమీదే. మిషన్‌తో రవ్వంత గీకారు. మళ్లీ కాగితం, మళ్లీ గీకుడు. వెంట్రుకవాసి ఎత్తుకు ఇంత రాద్ధాంతం! సలుపు మెల్లగా తగ్గుతుందనీ, వాపో జ్వరమో వస్తే వెంటనే రమ్మనీ, క్యాప్ వేసేదాకా ఆ పక్క చెనిక్కాయలు కూడా కొరకొద్దనీ చెప్పి పంపారు.

వాకిట్లోనే మామ ఎదురయ్యాడు. నా నోరు తెరిపించి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పన్ను నొప్పని చెప్పి యాడికి పోయినావు అల్లుడా? మాకు నాలుగు తేకుండానే నేరేడు పండ్లన్నీ తినేసినావే!"