కోసు గుడ్డులో పుంజు, ఉరుముకు మురిగే గుడ్డు: పొదుగు కోడి గురించిన ఒక సందేశానికి ఖండన

నాటుకోళ్లు పెంచేవారి వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం చేతులు మారుతోంది. దాని సారం ఇది: కోసుగా, అంటే ఒక కొన మొనదేలి ఉన్న గుడ్లను ఏరి పొదగవేస్తే అన్నీ పుంజులే వస్తాయి, ఉరుములకు గుడ్లు మురిగిపోతాయి కనుక గంపలో ఇనుపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ వేయాలి, గుడ్లను పసుపునీళ్లతో కడిగి పెట్టాలి, పెట్టాక మనిషి చేయి తగిలితే కోడి వాటిని వదిలేస్తుంది, 21వ రోజుకు బయటికి రాని పిల్లను పెంకు ఒలిచి తీయాలి, పుట్టిన పూటే నూకలు తినిపించాలి, తల్లి రెక్కల కింద పెరిగే నాటుపిల్లకు టీకా అక్కరలేదు. ఇవన్నీ పెద్దల అనుభవమనీ, ఏ డాక్టరూ చెప్పడనీ చివర ఒక ముక్తాయింపు కూడా ఉంది. పెద్దల అనుభవం మీద నాకు చిన్నచూపు లేదు. పొదుగుకు వచ్చిన పెట్టను గంపలో ఎలా కూర్చోబెట్టాలో నేను నేర్చుకున్నది మా అమ్మమ్మ దగ్గరే. అయితే ఈ సందేశంలో అనుభవం పాలు తక్కువ, ఊహ పాలు ఎక్కువ; టీకా గురించిన మాట మాత్రం పిల్లల ప్రాణాల మీదికి తెచ్చేది.

కోసు గుడ్డు మాటకు ఇంత గిరాకీ ఎందుకో గోదావరి, కృష్ణా జిల్లాల వారికి వివరించనక్కరలేదు. సంక్రాంతి బరిలోకి దిగే పుంజుకూ, గుడ్లు పెట్టే పెట్టకూ ధరలో పోలికే లేదు. కానీ మనుషుల్లో బిడ్డ ఆడో మగో తండ్రి కణాన్ని బట్టి తేలితే, కోళ్లలో తల్లి కణాన్ని బట్టి తేలుతుంది. పుంజులో రెండూ జెడ్ క్రోమోజోములే; పెట్టలో ఒకటి జెడ్, మరొకటి డబ్ల్యూ. పచ్చసొన అండాశయం నుంచి జారే వేళకే, అందులో ఈ రెండింటిలో ఏది మిగిలిందన్న దాన్ని బట్టి, పుట్టబోయేది పుంజో పెట్టో నిర్ణయమైపోతుంది. దాని చుట్టూ తెల్లసొన, పొరలు, పెంకు చేరడం ఆ తరువాతి పని. అందుకు సుమారు 24 నుంచి 26 గంటలు పడుతుంది. గుడ్డుకు కోసుదనమో గుండ్రదనమో వచ్చేది అండనాళంలో ఆ పొరలు చుట్టుకునే చోట. లోపల ఎవరున్నారన్నది అండనాళానికి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ దానికి లేదు.

దీన్ని పెరట్లోనే పరీక్షించి చూడవచ్చు. ఒక్కొక్క పెట్ట గుడ్డు ఆకారం ఇంచుమించు దాని జీవితమంతా ఒకేలా ఉంటుంది. మా ఇంట్లో ఒక నల్లపెట్ట ఎప్పుడూ కోసు గుడ్లే పెట్టేది. సందేశం నిజమైతే దానికి ఆడపిల్లే పుట్టకూడదు. దాని గుడ్ల మీద పెన్సిలుతో గీత పెట్టి, పిల్లలు పొదిగి వచ్చాక కాళ్లకు దారం కట్టి చూస్తే, పెట్టలూ పుంజులూ కలిసే వచ్చాయి. దీనికంటే బలమైన సాక్ష్యం వ్యాపారంలోనే ఉంది. గుడ్ల కోళ్ల హేచరీలకు మగపిల్ల దండగ, పుట్టిన రోజే దాన్ని వేరుచేసి చంపేస్తారు. ఆ పద్ధతిని జర్మనీ 2022 నుంచి నిషేధించడంతో అక్కడి కంపెనీలు పెంకుకు సూదిబెజ్జం వేసి, లోపలి ద్రవాన్ని పరీక్షించి లింగం తెలుసుకునే ఖరీదైన యంత్రాలు పెట్టుకోవలసి వచ్చింది. ఆకారం చూసి చెప్పగలిగేదే అయితే ఆ పని ఒక కొలబద్దతో అయ్యేది.

ఇది మన ఊరి నమ్మకం మాత్రమే కాదు, చాలా పాతది కూడా. కోసు గుడ్డులో పెట్ట ఉంటుందని అరిస్టాటిల్ రాసినట్టు చెబుతారు. ఒకటో శతాబ్దపు రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా అందుకు సరిగ్గా తలకిందులుగా, పుంజులు కావాలంటే బాగా పొడుగ్గా, కోసుగా ఉన్నవి వేయమన్నాడు. వాట్సాప్ సందేశం కొలుమెల్లా పక్షం వహించింది, ఆయన పేరు వినకుండానే.

ఆ కొలుమెల్లాయే ఉరుముల గురించీ ఒక ముక్క రాశాడు. ఉరుములకు గుడ్లు చెడకుండా గూటి గడ్డి కింద వెల్లుల్లి పాయలు, ఇనుప మేకులు పెట్టే అలవాటు తన కాలంలో చాలామందికి ఉందన్నాడు. రోమ్‌లో మేకు, మన ఇళ్లలో విరిగిన కొడవలి ముక్క, భయం ఒక్కటే. ఇంతమంది ఇన్ని చోట్ల చూసినదానిలో ఏమీ లేదని కొట్టిపారేయడం కూడా సరికాదు. ఉరుముల కాలంలో పొదిగిన గుడ్లు ఎక్కువగా మురిగిపోవడం నిజమే. తప్పు జరిగింది దానికి కారణం వెతకడంలో.

మనకు ఉరుములతో గాలివానలు వచ్చేది ఏప్రిల్, మే, జూన్ నెలల్లో; ఎండ ముదిరేదీ అప్పుడే. నాటుపెట్ట రోజు విడిచి రోజో, రెండు రోజులు వరుసగానో పెడుతూ 12 నుంచి 15 గుడ్లు పెట్టాక పొదుగుకు వస్తుంది. అంటే గంపలో వేసే నాటికి మొదటి గుడ్డు వయసు రెండు వారాలు దాటి ఉంటుంది. పెట్టిన గుడ్డులో పిండం అప్పటికే కొంత ఎదిగి ఉంటుంది. చల్లబడగానే ఆగిపోయి, మళ్లీ వెచ్చదనం తగిలేదాకా నిద్రలో ఉంటుంది. ఆ నిద్ర చెడకుండా ఉండాలంటే గుడ్డు సుమారు 12 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో రేకుల ఇంట్లో అటక మీది గుడ్డుకు తగిలేది 38, 40 డిగ్రీలు. పొదగడానికి కావలసిన 37.5 డిగ్రీలకు అది దగ్గరగా ఉంటుంది కనుక పిండం పగలు మేలుకుంటుంది, రాత్రి చల్లబడితే ఆగుతుంది, మర్నాడు మళ్లీ మొదలుపెడుతుంది. నాలుగైదు రోజులు ఇలా సాగితే అది చచ్చిపోతుంది. ఆ తరువాత కోడి దాని మీద కూర్చుంటుంది, వారానికో పదిరోజులకో ఉరుము ఉరుముతుంది, 21 రోజుల తరువాత గుడ్డు పగలగొడితే కంపు కొడుతుంది, నింద ఉరుము మీద పడుతుంది.

ఒక వేసవిలో మా పెట్ట కింద వేసిన 12 గుడ్లను ఏడో రాత్రి చీకట్లో ఒక్కొక్కటే తీసి, ఫోను టార్చి మీద లావు వైపు ఆనించి చూశాను. నాలుగింటిలో ఎర్రటి సాలీడు కాళ్లు చాచినట్టు నెత్తుటి నరాలు, మధ్యలో కదిలే చుక్క కనిపించాయి. రెండు ఏమీ లేకుండా పసుపుపచ్చగా వెలిగాయి. వాటికి పుంజు తగల్లేదన్నమాట. మిగిలిన ఆరింటిలో నరాలు లేవు, గాజు మీద గీసినట్టు సన్నని ఎర్రటి వలయం మాత్రం ఉంది. ఎదుగుదల మొదలై ఆగిపోయిన పిండం గుర్తు అది. అప్పటికి ఆ నెలలో ఒక్క ఉరుమూ ఉరమలేదు.

కాబట్టి ఇనుపముక్క వల్ల హాని లేదు, వేసుకునేవారు వేసుకోవచ్చు. పని చేసేది మాత్రం తడి ఇసుక. నీడపట్టున వెడల్పాటి పళ్లెంలో ఇసుక పోసి తడిపి, దానిమీద మట్టికుండ పెట్టి, అందులో గుడ్లను సన్నవైపు కిందికి ఉండేలా పేర్చి, పలుచటి గుడ్డ కప్పితే లోపల బయటికంటే చాలా చల్లగా ఉంటుంది. అప్పుడైనా వారం దాటినవాటిని కూరకు వాడుకుని, తాజావి 10 లేదా 12 మాత్రమే కోడి కింద వేయడం మేలు. ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా కూడా తిరుగుతోంది. నాలుగు డిగ్రీల చలి పొదిగే గుడ్డుకు పనికిరాదు. ఇంకొక చిన్న మాట: దుకాణంలో కొన్న ఫారం గుడ్డును ఏ పెట్ట కింద పెట్టినా పిల్ల రాదు, అక్కడి కోళ్ల దగ్గర పుంజే ఉండదు.

పసుపునీళ్ల స్నానం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పెంకు నిండా వేల సంఖ్యలో సన్నని రంధ్రాలుంటాయి. గుడ్డు పెట్టేటప్పుడు కోడి వాటిమీద ఒక పలుచటి పూత పూసి పంపుతుంది. కడిగితే ఆ పూత పోతుంది, మురికినీరు లోపలికి దిగుతుంది. మట్టి అంటితే పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఇక చేయి తగిలితే కోడి వదిలేస్తుందన్న మాట రాసినవారు, ఆ గుడ్లను గంపలో పెట్టింది ఎవరి చేయో ఒక్కసారి ఆలోచించి ఉండాల్సింది. పెట్ట గూడు వదిలిందంటే చాలాసార్లు కారణం ఒంటినిండా పట్టిన పేలు. కూర్చోబెట్టే ముందు రెక్కల కింద చూసి, గూటిలో పొడి బూడిద చల్లి, రోజుకొకసారి అది మేతకూ నీళ్లకూ దిగేలా చూస్తే అది కదలమన్నా కదలదు.

పెంకు ఒలిచి తీయమనే సలహాలో జాలి ఉంది, తెలివి లేదు. పిల్ల ముందుగా లోపలి గాలిగదిలోకి ముక్కు పెట్టి ఊపిరి తీయడం మొదలుపెడుతుంది, తరువాత పెంకుకు చిన్న బీట వేస్తుంది, ఆ తరువాత పన్నెండు గంటలు, ఒక్కోసారి పూర్తిగా ఒక రోజు, ఏమీ చేయనట్టు ఉండిపోతుంది. అది అలసట కాదు. ఆ వ్యవధిలోనే పొరలోని నెత్తురు పిల్ల ఒంట్లోకి తిరిగి చేరుతుంది, మిగిలిన పచ్చసొన బొడ్డుగుండా కడుపులోకి పోతుంది. మధ్యలో ఒలిస్తే నరం తెగి నెత్తురు కారుతుంది, సొన బయటే వేలాడుతుంది. పెట్టిన రోజు తేడాను బట్టీ, గూటి అంచున ఉందా నడుమ ఉందా అన్నదాన్ని బట్టీ ఒక రోజు అటూ ఇటూ అవుతుంది కనుక 22వ రోజు దాకా గంప జోలికి పోకపోవడమే మంచిది.

కడుపులోకి పోయిన ఆ సొనే పుట్టిన పూట నూకలు తినిపించాలన్న మాటకూ జవాబు. దాని బలంతో పిల్ల రెండు మూడు రోజులు మేత లేకుండా ఉండగలదు. చివరి గుడ్డు పగిలేదాకా తల్లి గూడు దిగకుండా కూర్చోగలిగేది ఈ ఏర్పాటు వల్లనే. నూకల కోసం తల్లిని తొందరగా దింపితే, బీట వేసిన గుడ్లు గూటిలో చల్లబడిపోతాయి. దిగిన తరువాత ముందుగా లోతులేని మూకుడులో నీళ్లు, ఆపైన మేత. వట్టి నూకలతో వారాలు గడపడం మాత్రం సరికాదు, ఎదిగే పిల్లకు మాంసకృత్తులు కావాలి. పేడ, తడి గోనెసంచి కప్పిన కుండలో చెదలు పట్టించి పెట్టే పాత పద్ధతి అందుకు భేషైనది. సందేశంలో ఇలాంటి అసలైన పెద్దల మాట ఒక్కటీ లేకపోవడం విచిత్రం.

టీకా అక్కరలేదన్నది అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. కొక్కెర తెగులు (రానిఖేత్) అనే కోళ్ల అంటువ్యాధికి నాటు, ఫారం తేడా లేదు. ఆకుపచ్చ పారుడు, నోరు తెరిచి ఎగశ్వాస, మెడ వెనక్కి తిరిగిపోవడం కనిపించాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. ఒక వారంలో వాడంతా గంపలు ఖాళీ అవుతాయి. ఈ మాటలోనూ ఒక నిజపు తునక ఉంది. తల్లికి టీకా పడి ఉంటే దాని రక్షణ కొంత పచ్చసొన ద్వారా పిల్లకు వస్తుంది, రెండు మూడు వారాలు నిలుస్తుంది. అది వచ్చేది సొన నుంచి, రెక్క కింది వెచ్చదనం నుంచి కాదు. పైగా తల్లికే టీకా వేయని ఇంట్లో పిల్లకు దక్కేదేమిటి?

ఈ తెగులుకు వేయవలసిన టీకాలు కూడా ఎక్కువ కాదు: అయిదు నుంచి ఏడు రోజుల మధ్య ఎఫ్1 గానీ లసోటా గానీ కంట్లో ఒక చుక్క, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఎనిమిదో వారంలో ఆర్2బి సూది. ఆర్2బి ఘాటైనది, చిన్నపిల్లలకు వేయకూడదు. మందు పశువైద్యశాల నుంచి ఐసు నింపిన ఫ్లాస్కులోనే ఇంటికి రావాలి. ఎండలో జేబులో తెచ్చింది వేసినా వేయనట్టే. సీసా సాధారణంగా 100 మోతాదులకో అంతకంటే ఎక్కువకో వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, మన ఇంట్లో ఉన్నవేమో 10 పిల్లలు. అందుకే మా వీధిలో పొదుగుకు వచ్చిన పెట్టలన్నిటినీ ఒకే వారంలో కూర్చోబెట్టి, పిల్లలు దిగిన ఆరో రోజు సాయంత్రం అన్ని గంపలనూ ఒకే అరుగు మీదికి తెచ్చుకుంటాం; ఒకరు పిల్లను పట్టుకుంటే మరొకరు చుక్క వేస్తారు, పిల్ల కన్ను ఆర్పేదాకా ఆగి కిందికి వదులుతారు.