ఫారో దీవులకు సొంత కుర్చీ వేయండి

ఉత్తర యూరప్ దేశాల పార్లమెంటు సభ్యుల ఉమ్మడి వేదిక నార్డిక్ కౌన్సిల్‌లో మొత్తం 87 సీట్లు. డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లకు తలా 20, ఐస్‌లాండ్‌కు 7. డెన్మార్క్ రాజ్యంలో భాగంగా ఉంటూ తమను తాము పాలించుకునే ఫారో దీవులకూ 2 ఉన్నాయి, కాకపోతే అవి డెన్మార్క్ వాటాలోంచి తీసిచ్చినవి. 1970 నుంచీ ఫారోకు డెన్మార్క్ బృందంలోనే చోటు. మమ్మల్ని విడిగా సభ్యులుగా చేర్చుకోండని ఫారో వాళ్లు 2003లో అడిగితే, కౌన్సిల్‌కు ఆధారమైన 1962 నాటి హెల్సింకి ఒప్పందం స్వతంత్ర దేశాలదంటూ కాదన్నారు. 2007లో కొన్ని వెసులుబాట్లిచ్చి సరిపెట్టారు. ఇది మాకు సబబుగా తోచడం లేదు.

18 దీవులు, 50 వేలు దాటిన జనం, అంటే మన దగ్గరైతే ఒక చిన్న మునిసిపాలిటీ. కానీ వాళ్లకు 33 మంది సభ్యుల సొంత పార్లమెంటు ఉంది, జెండా ఉంది, భాష ఉంది. 1973లో డెన్మార్క్ యూరోపియన్ కమ్యూనిటీలో (ఇప్పటి యూరోపియన్ యూనియన్‌లో) చేరినప్పుడు, బతుకంతా చేపల మీదే కాబట్టి వీళ్లు బయటే ఉండిపోయారు. ఆ తేడా ఎంత దూరం పోయిందో 2013లో చూశాం. హెర్రింగ్ చేపల కోటా మీద గొడవ ముదిరి యూరోపియన్ యూనియన్ ఫారోపై ఆంక్షలు పెట్టింది, యూనియన్ సభ్యురాలిగా డెన్మార్క్ కూడా వాటిని పాటించాల్సి వచ్చింది, మళ్లీ ఫారో తరఫున ప్రపంచ వాణిజ్య సంస్థలో అదే యూనియన్ మీద కేసు వేయాల్సిందీ డెన్మార్కే! ఇంత జరిగాక కూడా ఇద్దరి గొంతూ ఒకటేనని ఎలా అంటారు?

ఫుట్‌బాల్‌లో ఈ పేచీ లేదు. 1990లో ఆస్ట్రియాను 1-0తో ఓడించింది ఫారో జట్టే, డెన్మార్క్ కాదు. (సొంతగడ్డ మీద పచ్చిక మైదానం లేక ఆ మ్యాచ్ స్వీడన్‌లో ఆడారు.) పారాలింపిక్స్‌లోనూ విడి జట్టే. ఒలింపిక్స్‌కొచ్చేసరికి మాత్రం డెన్మార్క్ జట్టులో కలవాల్సిందే.

ముందు స్వాతంత్ర్యం తెచ్చుకోండి, తర్వాత చూద్దాం అనేవాళ్లున్నారు. 1946 రెఫరెండంలో విడిపోదామన్నవాళ్లే స్వల్ప తేడాతో గెలిచారు. డెన్మార్క్ రాజు ఫారో పార్లమెంటును రద్దు చేశాడు, మళ్లీ ఎన్నికలు పెడితే కలిసుందామన్నవాళ్లు గెలిచారు, 1948లో స్వపరిపాలన వచ్చింది. రక్షణ ఇప్పటికీ డెన్మార్క్ చేతిలోనే, ఏటా అక్కణ్నుంచి గ్రాంటూ వస్తుంది. విడిపోవాలా వద్దా అన్నది వాళ్లలో వాళ్లకే తేలని సంగతి, తేల్చుకోవాల్సింది కూడా వాళ్లే. కుర్చీ కోసం అది తేలేదాకా ఆగమనడం ఎందుకు? హెల్సింకి ఒప్పందాన్ని ఇప్పటికే చాలాసార్లు సవరించారు. ఐదు ప్రభుత్వాలూ ఒప్పుకుంటే ఇంకోసారి సవరించొచ్చు, ఆ మాట ముందుగా డెన్మార్క్ నోటి నుంచి రావాలి.