నీకు సీటు రాకపోతే పిల్లికేం తెలుసు!

సీటు ఇవ్వలేమని చెప్పే ఉత్తరాలు రాసేవాళ్లకు ఎక్కడో ప్రత్యేకంగా శిక్షణ ఇస్తారని నా అనుమానం. మొదటి పేరాలో పొగడ్త, రెండో పేరాలో ఇంకాస్త పొగడ్త, అసలు సంగతి మూడో పేరాలో. మా అన్నయ్యకేమో దేన్నీ చివరిదాకా చదివే ఓపిక లేదు. కూతురు పశువైద్య కళాశాలకు పెట్టిన దరఖాస్తుకు జవాబు రాగానే ఆమెకంటే ముందు తనే తెరిచాడు. ‘మీ దరఖాస్తు మమ్మల్ని ఎంతగానో ఆకట్టుకుంది’ దాకా చదివి, కళ్లజోడు నెత్తిమీదికి తోసేసి, ఫోన్ అందుకున్నాడు. అమ్మాయి మూడో పేరాకు చేరుకుని నీరుగారి కూర్చునేసరికి, సగం బంధువర్గానికి ఆమె డాక్టరైపోయింది.

ఇక మొదలైంది అసలు పని. శుభవార్త చెప్పడానికి ఒక్కొక్కరికీ అరనిమిషం పట్టింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఒక్కొక్కరితో ముప్పావుగంట. ఎందుకంటే అవతలివాళ్లు ఊరుకోరు, ఓదారుస్తారు. ఓదార్చడానికి అర్హత పరీక్షలూ ఇంటర్వ్యూలూ లేకపోవడం ఎంత ప్రమాదమో నాకప్పుడే తెలిసింది.

“పోనీలే, మనుషుల డాక్టరు చదివించండి, అది కాస్త తేలికేమో” అన్నాడొక పెద్దాయన. ఈ మాటతో అమ్మాయికి తిక్కరేగింది. “తేలికే బాబాయ్! వాళ్లకు ఒక్క జంతువు చాలు. అదీ నోరు తెరిచి నొప్పెక్కడో చెప్పే జంతువు. కుక్కకు 42 పళ్లు, పిల్లికి 30, ఆవుకు పైదవడలో ముందుపళ్లే ఉండవు. గుర్రానికి పిత్తాశయమే లేదు. ఇవన్నీ బుర్రలో పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడేం చేసుకోను వీటిని?” అని నామీద పడింది. ఫోన్‌లో మాట్లాడింది నేను కాదు. అయినా దగ్గర్లో ఉన్నాను కదా.

ఇంకొకావిడ “అంతా మన మంచికేనమ్మా, వచ్చుంటే ఆ పేడలో చేతులు పెట్టాల్సొచ్చేది” అంది. అమ్మాయి ఏళ్ల తరబడి కలలు కన్నదే ఆ పేడ గురించి. ఆ మాట ఆవిడకు చెప్పలేక ఫోన్ వాళ్లమ్మ చేతిలో పెట్టి లోపలికెళ్లి తలుపేసుకుంది.

దిగులుపడటంలో కూడా తండ్రీకూతుళ్లది చెరో జాతి. అమ్మాయిది ఆవు పద్ధతి. ఆవు తిన్నదాన్ని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని రోజుకు ఏడెనిమిది గంటలు నములుతూ కూర్చుంటుందట. ఈమె ఆ ఉత్తరాన్ని అలాగే పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పైకి తెచ్చుకుని నమిలేది. “ఆ ఇంటర్వ్యూలో ‘ఎందుకు ఈ చదువు’ అన్నప్పుడు ‘జంతువులంటే ఇష్టం’ అనకుండా ఉండాల్సింది. అందరూ అదే అంటారు” అని మొదలుపెట్టేది. నమిలి నమిలి మెత్తబడ్డాక కాస్త నిద్రపోయేది. అన్నయ్యది గుర్రం పద్ధతి. గుర్రం వాంతి చేసుకోలేదు. గొంతు దిగిందంటే వెనక్కి రాదు, దాని పొట్ట ముఖద్వారం అంత గట్టిగా బిగుసుకుని ఉంటుంది. ఈయన కూడా ఏదీ కక్కడు. హాల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరగడమే.

ఆయన్ని ఆపడానికి నేనే ఒక కథ చెప్పాను. ప్రపంచంలో మొట్టమొదటి పశువైద్య కళాశాలకు 1761లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో అంకురం వేసినాయన క్లోద్ బూర్జెలా. గుర్రపుస్వారీ నేర్పే అకాడమీకి అధిపతి. ఆయన దగ్గర పశువైద్య పట్టా లేదు. ఉండటానికి కళాశాలంటూ ఉంటేగా! ఇప్పటి నిబంధనల ప్రకారం చూస్తే, ఆయనకు తను పెట్టిన కాలేజీలోనే సీటు రాదు. అన్నయ్య నడక ఆపాడు. ఉత్సాహం వచ్చి ఇంకో ముక్క కలిపాను: “అప్పట్లో పశువుల్ని మందలకు మందలే తినేస్తున్న రిండర్‌పెస్ట్ రోగాన్ని ఎదుర్కోవాలన్నదే ఆ కాలేజీ వెనకున్న పెద్ద కారణం. ఆ రోగం భూమ్మీద లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు. సరిగ్గా 250 ఏళ్లు పట్టింది. మనమ్మాయి ఇంకో ఏడాది ఆగలేదా?”

“250 ఏళ్లదాకా నేనుంటానంటావా?” అని మళ్లీ నడక మొదలెట్టాడు.

ఇదిలా ఉండగా పక్కింటావిడ వచ్చింది, చంకలో పిల్లితో. సీటు వచ్చిందన్న ఫోన్ ఆవిడకు అందింది. రాలేదన్న ఫోన్ అందలేదు. “డాక్టరమ్మా, రెండ్రోజులుగా ఇది నోట్లో మెతుకు పెట్టడంలేదు, కాస్త చూడు” అంటూ తిన్నగా గదిలోకి నడిచింది.

“నాకు సీటు రాలేదండీ” అంది అమ్మాయి దుప్పటిలోంచి.

“నీకు రాకపోతే పిల్లికేం తెలుసమ్మా? చూడు!”

అమ్మాయి లేచి కూర్చుంది. పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే తేలిగ్గా తీసుకోకూడదట. లావుపాటి పిల్లయితే మరీనూ, ఒంట్లో కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుపోతుందట. చిగుళ్లు చూసింది, మెడమీద చర్మం పట్టుకుని లాగి వదిలింది, పొట్ట నిమిరింది. పొట్ట దగ్గర చెయ్యి ఆగింది. మళ్లీ నిమిరింది. “ఇది తినకపోవడమేంటండీ, గుండ్రంగా ఉంది!” అంది. ఆ మాటల్లోనే పిల్లి చంక దిగి, మంచం పక్కకు నడిచి, అమ్మాయి దిగులుతో ముట్టుకోకుండా వదిలేసిన కంచంలో తీరిగ్గా మూతి పెట్టింది. మొదటిసారి వచ్చిన మొహం కాదది. కంచం ఏ పక్కనుంచి అందుతుందో దానికి బాగా తెలుసు.

అదీ సంగతి. మా ఇంట్లో ఒకరికి ఆకలి చచ్చిపోతే పక్కింట్లో ఒకరి ఆకలి తీరుతోంది. మా వదిన మాత్రం పూటపూటా ఖాళీ అయిన కంచం చూసి, పిల్ల కోలుకుంటోందని మురిసిపోతోంది.

నేను నవ్వబోయాను. అమ్మాయి మాత్రం కంచం లాక్కుని “అమ్మా! ఇందులో ఉల్లిపాయ వేశావా?” అని ఇల్లెగిరిపోయేలా కేకపెట్టింది. ఉల్లి, వెల్లుల్లి పిల్లి నెత్తురులోని ఎర్రకణాల్ని చితక్కొడతాయట. వదినను నిలబెట్టి నిన్న ఏం పెట్టావు, మొన్న ఏం పెట్టావు అని పోలీసులా ప్రశ్నించింది. “దిగులుగా ఉన్నావని చప్పిడివే పెట్టానే” అందావిడ బిక్కమొహంతో. అయినా అమ్మాయి ఊరుకోలేదు. జుట్టు ముడేసుకుని, పిల్లినీ పక్కింటావిడనూ వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరింది. ఉత్తరం వచ్చాక ఆమె గడప దాటడం అదే మొదలు. పిల్లికి ఏమీ కాలేదు, బరువు పెరిగిందంతే.

తిరిగొచ్చాక కాలేజీకి రాసింది, నా దరఖాస్తులో లోటేమిటో చెప్పండని. అడిగితే కొన్నిచోట్ల చెబుతారు. ఇది చాలామంది చేయని పని, అడిగితే మళ్లీ కాదంటారేమోనని భయం కాబోలు. జవాబు ఈసారి ఒకటే పేరా: పెద్ద జంతువులతో పనిచేసిన అనుభవం తక్కువగా ఉంది.

“ఇరవయ్యేళ్లుగా మీ నాన్నతో ఒకే ఇంట్లో ఉంటున్నావుగా, అది లెక్కలోకి రాదటనా?” అంది వదిన.

రాదట. అందుకని ఇప్పుడు తెల్లవారకముందే లేచి ఒక పాల డెయిరీకి వెళ్తోంది. ఆవులు గడ్డితోపాటు మేకులూ తీగముక్కలూ మింగేస్తాయి. అవి పొట్టలోని రెండో గదిలో పడి, గోడను పొడుచుకుంటూ గుండెదాకా వెళ్తాయి. అలా కాకుండా వేలెడంత అయస్కాంతాన్ని ముందే ఆవుచేత మింగిస్తారు. ఇనుమంతా దానికి అతుక్కుని అక్కడే పడుంటుంది. ఆవు నోరు తెరిపించి పట్టుకోవడంలో అమ్మాయి ఇప్పుడు సహాయకురాలు. ఇంటికొచ్చేసరికి భుజందాకా ఏదో ఒకటి అంటుకునే ఉంటుంది. అన్నయ్య గుమ్మంలోనే నిలబెట్టి నీళ్లు పోస్తాడు.

కొత్త దరఖాస్తు తయారవుతోంది. ఇంటిల్లిపాదీ తలో వాక్యం ఇస్తున్నాం, అమ్మాయి ఒక్కొక్కటే కొట్టేస్తోంది. సిఫారసు లేఖలు మాత్రం రెండు కావాలి. ఒకటి పిల్లిని చూసిన డాక్టరుగారు ఇస్తానన్నారు. రెండోది డెయిరీ యజమాని ఇవ్వాలి. ఈలోగా పక్కింటావిడ ఎవరూ అడక్కుండానే ఆ ఫారం తీసుకెళ్లి నింపి తెచ్చేసింది. ‘దరఖాస్తుదారుతో మీ సంబంధం’ అన్నచోట గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘పేషెంటు తల్లిని.’