మౌనం అర్ధాంగీకారమని నమ్మిన మధ్యవర్తికి

శ్రీయుత ఆటో నెగోషియేషన్ గారికి,

విజయనగరంలో నాలుగు ముసలి సర్వర్లు కలిసి ఒకటిగా పనిచేసే క్లస్టరుకు కాపలా కాస్తున్న ఉద్యోగి నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

1995లో ఫాస్ట్ ఈథర్నెట్ అనే వంద మెగాబిట్ల తీగ నెట్‌వర్కుతో పాటు ప్రమాణంలోకి వచ్చిన నాటి నుంచి, తీగకు రెండు చివరలా ఉన్నవారు ఎంత వేగంతో మాట్లాడాలో, ఇద్దరూ ఒకేసారి మాట్లాడవచ్చో, వంతులు పాటించాలో బేరం కుదిర్చే బాధ్యత తమరిదే. మా ఊళ్లో కాంప్లెక్సు దగ్గరి ఆటోవాళ్లు బేరం కుదరకపోతే ఆ మాట ముఖం మీదే చెబుతారు. తమరు మాత్రం ఎప్పుడూ పచ్చదీపమే చూపిస్తారు.

మా మూడో సర్వరుకు, నాకు ముందు పనిచేసిన మహానుభావుడెవరో, తమరి మీద నమ్మకం లేక సెకనుకు వంద మెగాబిట్లు, ఫుల్ డూప్లెక్స్ (ఇద్దరూ ఒకేసారి మాట్లాడడం) అని చేత్తో బిగించి వెళ్లారు. ఈమధ్య సర్వర్ల తీగలన్నీ కలిసే స్విచ్ పెట్టెను మార్చినప్పుడు దానితోపాటు తమరూ వేంచేశారు. తమరు పలకరించారు, చేత్తో బిగించినది గనుక సర్వరు పలకలేదు. వేగాన్ని సంకేతం చూసి పసిగట్టగలిగారు గానీ డూప్లెక్స్ సంగతి తెలిసే దారి లేక, మౌనం అర్ధాంగీకారమన్న నానుడిని అక్షరాలా అమలుచేసి, హాఫ్ డూప్లెక్స్ (వంతులవారీగా మాట్లాడడం) ఖాయం చేసుకున్నారు. నిబంధన ప్రకారం అదే సరైనదట. నా కడుపుమంటకు అసలు కారణం అదే.

అటుపైన స్విచ్ అవతలివారు ఆగితేనే నోరు విప్పుతుంది, సర్వరుకు ఆగడమే తెలియదు. పింగ్ పెడితే చిన్న పలకరింపులన్నీ క్షేమంగా తిరిగివచ్చేవి. రాత్రి బ్యాకప్ మొదలై పెద్ద ఫైళ్లు కదిలేసరికి మాటలు ఢీకొని చెడిపోయి, ‘బతికే ఉన్నాను’ అని చెప్పే హార్ట్‌బీట్ అందక, మిగిలిన మూడు సర్వర్లూ మూడోదాన్ని చచ్చిందనుకుని వెలివేసేవి. తెల్లవారి నేను వెళ్లేసరికి అది పెళ్లికొడుకులా కూర్చుని ఉండేది. కేబుళ్లు మార్చాను, కార్డు మార్చాను, కరెంటును తిట్టాను, ఎలుకలను కూడా అనుమానించాను. (వాటికి ఈ లేఖాముఖంగా క్షమాపణలు.)

చివరికి స్విచ్ వైపు లేట్ కొలిజన్లు (ఆలస్యంగా బయటపడే ఢీకొట్లు), సర్వరు వైపు సీఆర్‌సీ తప్పులు (చెడిపోయి అందిన మాటల లెక్క) జంటగా పెరుగుతుండడం చూశాక గానీ తమరి మధ్యవర్తిత్వం బయటపడలేదు. బిగింపు తీసి సర్వరును కూడా తమరికే అప్పగించాను. ఆ రాత్రి బ్యాకప్ పూర్తయింది, ఎవరినీ ఎవరూ వెలివేయలేదు.

తమరిని తొలగించమని అడగను. రాగి తీగ మీద గిగాబిట్ వేగానికి తమరి సంతకం తప్పనిసరి. ఎదుటివారు పలకనప్పుడు ఆ దీపం రంగైనా మార్చమని ప్రార్థన. నాలుగో సర్వరుకు కూడా ఆ మహానుభావుడి చెయ్యి తగిలిందేమో, ఈ ఆదివారం చూడాలి.

ఇట్లు,
నిద్ర చాలని విధేయుడు